బుస కొట్టడం మానేసిన బాయిలర్

"మామ్మా, గ్యాస్ గీజరు బిగించడానికొచ్చిన మెకానిక్కుని గంటసేపు నిలబెట్టి అన్ని ప్రశ్నలేసేవేం? పాపం, చెమటలు పట్టీసేయి ఆయనకి."

పట్టనీ. ఏటవుతాది? ఒకసారి మా హోటల్లో బాయిలర్ మూత ఎగిరిపోయిందే. ఎగరగొట్టింది నేను. పంతొమ్మిదేళ్ళ వయసులో, ఒక గుమ్మడికాయతోటి. అందుకే అడిగేను. లోపల వేడెక్కిపోతే అది ఎటు పోతాదయ్యా అంటే "ఏం పర్లేదమ్మా, ఆటోమేటిక్" అంటాడు. ఆటోమేటిక్ అంటే ఏటి? సెప్పడం రానోడి సమాధానం. ఆఖరికి మూత విప్పి సూపించేడు కదా. అదీ.

గుమ్మడికాయేటి అంటావా? కూకో మరి. ఆ సిక్కుడుకాయల పళ్ళెం ఇలాగియ్యి, ఈనెలు తీస్తూ సెప్తాను. సేతులూరికే ఉంటే నాకు మాట రాదు.

అప్పుడు మాకు నరసన్నపేటలో పెద్ద రోడ్డు మీద హోటలుండేది. హోటలంటే ఇప్పటి హోటలు కాదమ్మడూ. ముందర భోజనాల వసారా, పక్కన వంటిల్లు, వెనకాల ఎనిమిది గదులు. శ్రీముఖలింగం వెళ్ళే యాత్రికులు, ధాన్యం బేరానికొచ్చిన షావుకార్లు, పెళ్ళివారి విడిదులు, అందరూ అక్కడే. అణా ఇస్తే రెండు బకెట్ల వేణ్ణీళ్ళు. కాఫీ అర్ధణా. ఆ కాఫీ ఇప్పుడు నువ్వు... సర్లే, కాఫీ సంగతి ఎత్తితే ఈ పూట తెమలదు.

యుద్ధం రోజులు. కట్టెలు దొరికీవి కావు. దొరికినా పచ్చివి, పొగ తప్ప మంట ఉండేది కాదు. మా మావఁ, అంటే మీ తాతయ్య నాన్న, లెక్కలెరిగిన మనిషి. "ఊర్లో ఇన్ని బియ్యం మిల్లులున్నాయి, ఊక ఊరికే పారబోస్తన్నారు, మనం కట్టెలకి ఏడవడమేటి" అని, టెక్కలి దిక్కున ఎక్కడో మూసీసిన మిల్లులోంచి ఒక పాత బాయిలర్ కొనుక్కొచ్చేడు. రెండు బళ్ళు జోడించి, నాలుగెడ్లతోటి. నిలువుగా, నల్లగా, మనిషికి ఒకటిన్నర ఎత్తు. అది పెరటి గుమ్మంలో పట్టలేదు. గుమ్మం పగలగొట్టేరు. మా అత్త వీధిలో నిలబడి, "నా ఇంటికి కోడలు వొచ్చినప్పుడు కూడా గుమ్మం పగలగొట్టలేదురా" అంది. నేను పక్కనే ఉన్నాను. నన్నే తిట్టిందో, బాయిలర్నే పొగిడిందో ఇప్పటికీ నాకు తెలీదు.

తెచ్చీసేరు, బాగున్నాది. బిగించేదెవరు? మిల్లుల్లో పన్చేసేవాళ్ళు ఖాళీగా ఉండరు. అప్పుడొచ్చేడు పోలయ్య.

పోలయ్య సముద్రపొడ్డు మనిషి, జాలరోడు. పదేళ్ళు రంగం వెళ్ళే స్టీమర్లలో బాయిలర్ దగ్గర కలాసీగా చేసేడు. రంగం అంటే రంగూనే. మన వైపు అందరూ రంగం అనేవారు, మా పెద్దబావ కూడా అక్కడ పోర్టులో... పెద్దబావ కాదు, నడిపి బావ. సరే. రంగం మీద బాంబులు పడితే, ఈ పోలయ్య పెళ్ళాన్నీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని అడవులమ్మట నడిసి వొచ్చీసేడు. వొచ్చి సూస్తే ఊర్లో వల లేదు, పడవలో వాటా లేదు, ఎప్పుడో అమ్ముకున్నారు. ఈ ఊరి మిల్లులు ఒక్కొక్కటీ తిరిగేడు. "ఓడ బాయిలర్ వేరు, మిల్లు బాయిలర్ వేరు, ఫో" అన్నారు. వేరేటి? నీళ్ళు నీళ్ళే, నిప్పు నిప్పే. మా మావఁ మాత్రం, "ఇది బిగించి నడిపించు, ఏడాదాగి మిల్లువాళ్ళే నిన్ను పిలుస్తారు" అని పన్లో పెట్టుకున్నాడు. పెరట్లో ఊక కొట్టు పక్కన పాక వేసిచ్చేడు. పెళ్ళాం మా అంట్లు తోమేది. అంటే ఆ మనిషికి కూడూ గూడూ పేరూ అన్నీ ఆ నల్ల డొక్కులోనే ఉన్నాయన్నమాట. ఇది గుర్తెట్టుకో.

పని మాత్రం సూడాలి, ఓలమ్మా! ముందు కింద గచ్చు. దాని మీద ఇటికలు. ఇటికల మీద అది నిలబడ్డాక తాడుకి రాయి కట్టి వేలాడదీసి, నిలువుగా ఉన్నాదా లేదా అని నాలుగు దిక్కులా సూసేడు. గొట్టాల మరలకి సనపనార సుట్టి, సఫేదా, అదే తెల్లటి సీసం ముద్ద, రాసి బిగించేడు. ఆవిరి గొట్టం తీసుకెళ్ళి స్నానాల గదుల పక్కన నీళ్ళ కుండీలో ముంచేడు. అయిపోయిందనుకుని మా మావఁ హారతి పళ్ళెం తెమ్మన్నాడు. పోలయ్య, "ఉండండి బాబూ" అని మంటెయ్యకుండా సన్నీళ్ళే నిండా పోసి, సేతిపంపుతో కొడతాడు, కొడతాడు, కొడతానే ఉంటాడు. మూడు సోట్ల నీళ్ళు కారేయి. వాటిని మళ్ళీ బిగించేడు. నేను వంటింటి కిటికీలోంచి అడిగేను, ఇదంతా ఏటి పోలయ్యా అని.

"ముందు సన్నీళ్ళతోటి ఏడిపించాలమ్మా. ఎక్కడ ఏడుస్తాదో తెలుస్తాది. ఏణ్ణీళ్ళతోటి ఏడిస్తే మనం ఏడాల."

అలాగ మాట్లాడేవోడు. ఇంకోటి కూడా సూపించేడు. బాయిలర్ నెత్తి మీద ఒక సిన్న కంత, కంత మీద బిళ్ళలాటి మూత, ఆ మూతని నొక్కుతూ ఒక ఇనప కమ్మీ, బారుగా సెయ్యి సాపినట్టు వెనక్కి ఉంటాది. సివర ఇనప గుండు. లోపల ఆవిరి మితిమీరితే ఆ బిళ్ళ లేస్తాది, కమ్మీ లేస్తాది, గుండు లేస్తాది, బుస్సుమని ఆవిరి బయటికి పోతాది. మళ్ళీ కూకుంటాది. "ఇదే దీని ముక్కమ్మా. దీన్ని ఎవ్వురూ ముట్టకూడదు. ముక్కు మూసీసినావనుకో, ఇంకెక్కడో పగుల్చుకుని ఊపిరి తీస్తాది." ఇంత స్పష్టంగా సెప్పేడు. నాకు సెప్పేడు. ఇంకెవరికో కాదు.

ఏటి నవ్వుతన్నావు? తర్వాతేటయిందో తెలిసిపోయిందా? తెలిసినా విను.

ఆ బుస ఉన్నాది సూడు, అది మా అత్తకి పడేది కాదు. పొద్దున్నే దీపం పెట్టి కళ్ళు మూసుకుంటాదా, వెనకనుంచి బుస్! ఒక్కసారి ఉలిక్కిపడి కుంకం భరిణి మీద పడిపోయింది. లేచి ఎర్రటి ముక్కుతోటి వొచ్చి, "ఇంట్లో నాగుపాముని పెట్టుకున్నట్టున్నాది" అంది. నాకు నవ్వాగలేదు. పమిట నోట్లో కుక్కుకుని పెసల డబ్బా వెనక్కి పోయేను.

దానికి తోడు ఎదర హోటలు వరాలమ్మ. మాకు పిన్ని వరస. వాళ్ళదీ హోటలే, కాని వాళ్ళు ఇంకా కాగుల్లోనే నీళ్ళు కాస్తన్నారు. వాళ్ళ మేడ కిటికీలోంచి పక్కసందు మీదుగా మా పెరడు కనపడేది. మా బాయిలర్ వొచ్చిన్నాటినుంచి రోజూ పంచదార అప్పుకో, పాలకి తోడుకో వొచ్చేది. వొచ్చినప్పుడల్లా పెరట్లోకి ఒక సూపు. "అబ్బ, ఎంత పొగొస్తన్నాదో!" అనేది, పొగే రాకపోయినా. ఆవిడెళ్ళేక మా అత్త ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటుకి మేమందరం దగ్గీవాళ్ళం. దిష్టి పోయిందో లేదో గాని గిరాకీ పోయేది.

మాఘమాసం. పెళ్ళిళ్ళు. పొందూరునుంచి మొగపెళ్ళివారు వొస్తన్నారు, విడిది మా హోటల్లో. నలభైమంది. సలికాలం, అందరికీ వేణ్ణీళ్ళు. ఆ ముందు రెండ్రోజులూ పోలయ్య వాళ్ళూర్లో అమ్మవారి పండగని వెళ్ళేడు. వెళ్తూ వెళ్తూ బాయిలర్ సల్లార్చి, "నానొచ్చీదాకా మంట ఎయ్యకండమ్మా, పెళ్ళినాటికి తెల్లారకుండా వొచ్చీస్తాను" అన్నాడు.

అతను అటెళ్ళేడు, మా అత్త ఇటొచ్చింది. అటక మీంచి బూడిద గుమ్మడికాయ దింపించింది. మూడు వీశెలుంటాది, అంటే నాలుగు కిలోల పైమాటే, తక్కువుండదు. పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, కొబ్బరితాడు కట్టి నా సేతిలో పెట్టింది.

"కట్టు."

"ఎక్కడత్తా? గుమ్మానికా?"

"గుమ్మానికి కడితే గుమ్మం దిష్టి పోతాది. దిష్టి తగిలింది గుమ్మానికా, దీనికా?"

"దీనికి కట్టడానికి సోటేదీ? అంతా నున్నగా ఉన్నాది."

"కళ్ళు లేవేటే? అదిగో, సెయ్యి సాపుకుని ఉన్నాది కదా పైన! వరాలమ్మ కిటికీ దిక్కే సూస్తన్నాది. కాయ కట్టడానికే పెట్టినట్టున్నాడు ఆ సేసినోడు."

"అత్తా, పోలయ్య అది ముట్టొద్దన్నాడు."

"పోలయ్య కట్టొద్దన్నాడా?"

"కట్టొద్దని అన్లేదు. ముట్టొద్దన్నాడు."

"మరి ముట్టకుండా కట్టు."

ఇప్పుడు నువ్వుంటే ఏటంటావో. నాకు మాత్రం అత్తతోటి వాదించే ఓపిక లేదు. నిజం సెప్పాలంటే, ఏటవుతాదో సూద్దామని కొంచెం సరదా కూడా ఉండేది. ఊక బస్తాలు రెండు పేర్చి, దాని మీద పీటేసి ఎక్కేను. ఆ గుండు పక్కనే కట్టేను. రెండు ముళ్ళేసి మూడోది కూడా వేసేను. నా ముడి ఊడదు. అత్త కిందనుంచి, "ఇంకొంచెం వెనక్కి జరుపు, పోలయ్య కంటపడితే తీయించీగలడు" అంది. జరిపేను. బాయిలర్ వెనకాల, గోడ నీడలోకి వెళ్ళిపోయింది కాయ.

పెళ్ళినాడు కోడికూతకే పోలయ్య వొచ్చేడు. కిరసనాయిలు కొరత, గుడ్డి దీపం. నీళ్ళు సూసుకున్నాడు, నిప్పు పెట్టేడు, ఊక పోస్తన్నాడు. నెత్తిమీద వెనకాల ఏటున్నాదో ఎవడు సూస్తాడు? తెల్లారింది. పెళ్ళివారు నూనెలు రాసుకుని గదుల ముందర బారు తీరేరు. పెళ్ళికొడుకు అందరికన్నా ముందు. తోడిపెళ్ళికొడుకూ, మావఁలూ, అందరూ వేళాకోళాలు. కుండీలో నీళ్ళు సలసల కాగిపోయేయని పోలయ్య ఆవిరి గొట్టం కుళాయి కట్టీసేడు. నేను ఉప్మాకి పోపేస్తన్నాను.

మా అత్త పూజలోంచి లేచొచ్చి, నా సెవిలో, "సూసేవా? కాయ కట్టేక ఒక్కసారైనా బుస కొట్టిందా? శాంతించింది తల్లి" అంది.

ఆ మాట విన్నాను, విని గరిటె అలాగే ఆపీసేను. ఎందుకాపేనో నాకూ తెలీదు. అప్పుడే పెరట్లో పోలయ్య గొంతు వినపడింది, తనలో తాను అనుకుంటన్నాడు: "ఇదేటి, ఈవేళ ఊపిరి తీయట్లేదు." బాయిలర్కి గడియారంలాటి మొహముంటాది, ఒకటే ముల్లు. దాని దగ్గరికెళ్ళి సూసేడు. ముల్లు ఎర్రగీత దాటి ఎక్కడో ఉన్నాది.

"లెగండి! పరిగెట్టండి! అందురూ రోడ్డు మీదకి!"

ఆ కేక విని నేను గరిటె పారేసి పరిగెట్టేను. అత్త కుంకం భరిణి పట్టుకుని పరిగెట్టింది. పోలయ్య మాత్రం పరిగెట్టలేదు. పొయ్యి తలుపు తీసి, పొడుగు పారతో నిప్పులు బయటికి లాగీస్తన్నాడు. సగం లాగేడో లేదో, బాయిలర్ కిందపక్కన సెయ్యి పెట్టి లోపల గీకడానికి ఒక కంతుంటాది, దాని మూత ఢాం! అంటా పోయి ఊక గుట్టలో దిగబడింది. ఆవిరి, ఏణ్ణీళ్ళు, బూడిద. పెరడంతా తెల్లగా అయిపోయింది. స్నానాల గదుల తడికెలు లేచిపోయేయి.

నవ్వకూడదు, గాని నువ్వే సెప్పు. నలభైమంది మొగోళ్ళు, ఒంటినిండా నూనె, తుండుగుడ్డలు పట్టుకున్నోళ్ళు కొందరు, పట్టుకోనోళ్ళు కొందరు, పెద్దరోడ్డు మీదకి. అటునుంచి సంతకెళ్ళే బళ్ళు. పెళ్ళికొడుకు కట్టుకున్నది పొందూరు సన్న ఖద్దరు పంచె. ఎంత సన్నమంటే, ఆరినప్పుడే అవతల దీపం కనపడతాది. ఇది తడిసిపోయున్నాది. పొందూరు నేత గొప్పతనం ఆవేళ ఊరంతా కళ్ళారా సూసింది. వరాలమ్మ పిన్ని కిటికీ మూసింది, మూసి సందులోంచి సూసింది. నేను సూసేను ఆవిడ సూడ్డం.

ఒక్క ప్రాణం పోలేదు. పోలయ్య కుడిసెయ్యి మోచేతిదాకా కాలింది, అంతే. నిప్పు లాక్కపోతే మొత్తం బాయిలరే లేచిపోయుండేది, ఈ సిక్కుడుకాయలు ఇంకెవరో వొలిసేవారు.

అత్తకి బుర్ర నాకన్నా బేగి పన్చేసింది. ఆవిరి ఇంకా తగ్గకుండానే నా రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చింది. గుమ్మడికాయ కింద పడి బద్దలయి, సగం ఉడికి ముక్కలు ముక్కలు. "ఎత్తీయ్ ముందు!" సేటలో ఎత్తి ఆవులకి పడీసేను. మంచి వాసనొచ్చింది కూడా, పులుసు పెట్టుకోవచ్చు. తర్వాత అత్త నా నెత్తిన సెయ్యి పెట్టలేదు, తన సెయ్యి తీసుకెళ్ళి మీ తాతయ్య సొక్కా మీద పెట్టింది, దండెం మీద ఆరేసున్నాది. "నా కొడుకు మీద ఒట్టు. కాయ సంగతి నీ నోటంట వొచ్చిందా..." అంది. పంతొమ్మిదేళ్ళదాన్ని, పెళ్ళయి రెండేళ్ళు. మొగుడి మీద ఒట్టంటే ఆ వయసులో గుండె జారతాది. ఇప్పుడైతే సొక్కా మీద ఒట్టు సెల్లదని వాదించీదాన్ని.

మధ్యాన్నం వసారాలో పెద్దలు కూడేరు. మా మావఁ, ఆడపెళ్ళివారి పెద్ద, ఇద్దరు మిల్లు షావుకార్లు. పోలయ్య స్తంభం పక్కన నిలబడున్నాడు. సేతికి సున్నపుతేటా కొబ్బరినూనే కలిపి వాళ్ళావిడ రాసింది, దాని మీద అరిటాకు. ఆవిడ పెరటి గుమ్మంలో ఇద్దరు పిల్లల్నీ ఒళ్ళో పెట్టుకుని కూకుంది, మూటలు కట్టీసి. అవును, అప్పటికే మూటలు కట్టీసింది. మళ్ళీ నడిసి వెళ్ళడం తనకి అలవాటైపోయిందేమో.

"పండగకెళ్ళి తాగొచ్చి, నిప్పు ముందర కునికేడు. అంతే జరిగింది," అన్నాడు మావఁ.

"నాను తాగనేదు బాబూ," అన్నాడు పోలయ్య.

ఒక మిల్లు షావుకారు, "ఓడలోళ్ళని నమ్మకూడదని ముందే సెప్పేను. ఈ ఊర్లో ఏ మిల్లూ ఇంక ఈణ్ణి గడప ఎక్కనివ్వదు. టెక్కలి, పాలకొండ కూడా కబురెడతాను" అన్నాడు.

నేను తలుపు వెనకాల మజ్జిగ గ్లాసులు సర్దుతన్నాను. కోడలు పిల్ల వెళ్ళి పెద్దోళ్ళ మధ్యన మాట్లాడకూడదు. మాట్లాడినా ఒట్టున్నాది. మాట్లాడకపోతే ఆ మూటలు రోడ్డెక్కుతాయి. ఏటి సెయ్యాలో తోచలేదు.

అప్పుడొచ్చింది వరాలమ్మ పిన్ని. ముందర వసారాలో పంచాయితీ కదా, పక్కసందులోంచి వంటింట్లోకి. పలకరింపుకని సెప్పి, ముక్కలేటైనా దొరుకుతాయేమో ఏరుకోడానికి. మా అత్త గుమ్మం పక్కనే నిలబడున్నాది, వసారాలోకి సెవి పెట్టి. పిన్ని మొహం సూడగానే నాకు బుద్ధి పుట్టింది. దేవుడిచ్చిన బుద్ధి కాదు, అది వేరే వాళ్ళిచ్చేది.

వసారాకి వినపడేలాగే అన్నాను: "కూకో పిన్నీ. ఏటో, బతికి బయటపడ్డాం. అంత పేలుడికి ఒక్క ప్రాణమైనా పోలేదంటే ఊరికేటి? ఎవరో పుణ్యాత్మురాలు మా పేరు మీద దిష్టి తీయించే ఉంటాది. ఆ తల్లి కాళ్ళకి మొక్కాలి. నువ్వేనా పిన్నీ? నువ్వేదైనా మొక్కుకున్నావా మా కోసం?"

పిన్ని కాళ్ళకి మొక్కుతామంటే కాదనే మనిషి కాదు. "ఆఁ... మరి ఎదురెదురుగా ఉన్నాం, మంచీ సెడ్డా ఆలోచించనా? మొన్న మా గుమ్మానికి కాయ కట్టించినప్పుడు, మీ ఇంటిని తల్చుకునే కట్టించేనమ్మా. మీ గండం నా కాయ మీదకి పోయింది" అంది.

మా అత్త మొహం సూడాలి! పసుపు ఎరుపయింది, ఎరుపు నలుపయింది.

"నీ కాయా? నీ కాయకంత సత్తా ఉన్నాదేటే? మా ఇంటిని కాసింది నా కాయ! మూడు వీశెల కాయ! పసుపు రాసి, బొట్టు పెట్టి, మా కోడలి సేత దగ్గరుండి కట్టించేను!"

నేను మజ్జిగ కలుపుతానే ఉన్నాను. తల ఎత్తలేదు.

మా మావఁ నెమ్మదిగా, "ఎక్కడ కట్టించేవు?" అన్నాడు.

అత్త ఊపులో ఉన్నాది. గుమ్మంలోకొచ్చి, సెయ్యి బారుగా సాపి సూపించింది. "ఇదిగో, ఇలాగ పైన ఇనప సెయ్యి లేదూ? గుండు పక్కన. అది ఊరికే కదా వేలాడతన్నాది, ఏ పనీ పాటా లేకుండా!"

పాలకొండ కబురెడతానన్న షావుకారికి మజ్జిగ కొరబోయింది. ఆయనది సొంత మిల్లు కదా, ఆ సెయ్యేటో తెలుసు. దగ్గి దగ్గి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, "అమ్మా, మూడు వీశెలా?" అన్నాడు.

"తక్కువుండదు" అంది అత్త.

మా మావఁ పోలయ్య దిక్కు తిరిగేడు. "నీకు తెలీదా?"

పోలయ్య ఎడంసెయ్యి మొలలో పెట్టి, తాడుముక్క తీసి గట్టు మీద పెట్టేడు. కొబ్బరితాడు, మూడు ముళ్ళతోటి. "ఆ కమ్మీకే ఉండిపోనాది బాబూ. పొద్దున్నే సూసినాను."

"మరి సెప్పవేం?"

"అమ్మగోర్ల మీద నేరం యేసి నాను పన్లో ఉంటానా బాబూ? ఎలాగూ పోయీవోణ్ణే. తాగుబోతోడని పోతే పోనాది, సాడీకోరోడని ఎందుకు."

ఇంకేటి సెప్పమంటావు. షావుకారు లేచెళ్ళిపోయేడు, కబురు సంగతి మళ్ళీ ఎత్తలేదు. మా మావఁ పోలయ్యతోటి, "మూటలు విప్పమను" అన్నాడు. మన్నించమని అన్లేదు. ఆ కాలంలో అలాటివి అనేవారు కారు, మూటలు విప్పమనడమే ఎక్కువ. అత్త మాత్రం పోయేదాకా ఒకటే మాట, "కాయ కట్టబట్టి బతికేరు." బాయిలర్ని పేల్చిందీ అదే, కాసిందీ అదే ఆవిడ లెక్కలో. నన్ను మాత్రం ఒక పది రోజులు అనుమానంగా సూసింది. "నువ్వు కావాలనే అడిగేవు కదే దాన్ని?" అంది. "నేనేటన్నానత్తా? కాయ అన్న మాట నా నోటంట వొచ్చిందా?" అన్నాను. రాలేదు. కావాలంటే మళ్ళీ వెనక్కెళ్ళి లెక్కెట్టుకో, దిష్టి అన్నాను, మొక్కన్నాను. ఒట్టు ఒట్టులాగే ఉన్నాది, మీ తాతయ్య ఎనభైమూడేళ్ళు బతికేడు.

అయితే ఒక సంగతి. మర్నాడు పోలయ్యకి గంజి పట్టికెళ్ళేను, కుడిసెయ్యి లేదు కదా. అతని ముందర నిలబడ్డాను. నాకు ఏడుపు తక్కువ, రాలేదు. సిగ్గేసింది. "ముడేసింది నేనే పోలయ్యా. నువ్వు సెప్పింది విని కూడా వేసేను" అన్నాను.

"తెలుసమ్మా. అత్తమ్మగోరు అంతెత్తు ఎక్కనేరు."

"మళ్ళీ బిగిస్తావా?"

ఇటు సూళ్ళేదు. గంజి తాగి, గిన్నె కింద పెట్టి అన్నాడు: "బిగించడానికేటి. మూత ఉన్నాది, సనపనార ఉన్నాది. నాను లేనప్పుడు ఎవురు సూస్తారమ్మా? ఈ ఇంట్లో దాని సంగతి ఎరిగినోరు ఎవురూ నేరు. ఎరగనోళ్ళ మధ్య దాన్ని ఒగ్గీసి నాను పండగకెళ్ళనేను, పెళ్ళికెళ్ళనేను. ఇంక నావల్ల కాదు, సెయ్యి మానేక ఎల్లిపోతాను."

మావఁ మూటలు విప్పించేడు గాని, అతని మనసు విప్పలేదన్నమాట.

"నాకు నేర్పు" అన్నాను.

నవ్వేడు. మొదటిసారి. "మీరా? లోపల మసమ్మా. సున్నప్పొక్కు కడతాది, నెలకోసారి సుత్తితోటి కొట్టి గీకాల. ఆ బిళ్ళ తీసి నూరాల. ఆడోళ్ళు సేసీది కాదు."

"పేల్చేది ఆడోళ్ళయితే గీకేదీ ఆడోళ్ళే" అన్నాను.

అత్త అరిచింది. మావఁ ఊరుకున్నాడు, మీ తాతయ్య అసలే ఊరుకునే మనిషి. అప్పుడు మిల్లులకి అమావాస్యనాడు సెలవు, మేమూ ఆరోజే బాయిలర్ సల్లార్చేవాళ్ళం. వొచ్చిన అమావాస్యకి పాతసీర బిగించి కట్టి, కుచ్చిళ్ళు దోపి, ఆ ఎగిరిపోయిన మూత నేనే విప్పి, సుత్తి పట్టుకుని భుజందాకా లోపలికి పెట్టేను. పోలయ్య పక్కన కూకుని ఎడంసేత్తో సూపించేడు, ఎక్కడ కొట్టాలో, ఎక్కడ కొట్టకూడదో. వరాలమ్మ పిన్ని కిటికీలోంచి సూసింది. సూడనిచ్చేను. సెయ్యి మానింది, పోలయ్య వెళ్ళలేదు. మరుసటేడు పండగకెళ్ళినప్పుడు ఊక కొట్టు తాళంసెవులు నా సేతిలో పెట్టి వెళ్ళేడు.

నెలకొక్క అమావాస్య, నా సేత్తోనే సెయ్యాలని అనుకున్నాను, సేసేను. బాయిలర్ అమ్మేదాకా, ఇరవై రెండేళ్ళు. మీ నాన్న పుట్టిన నెల ఒక్కటి తప్పింది. అప్పుడు సుత్తి పోలయ్య పట్టేడు, నేను పురిటి మంచం మీంచే, "కింద ఎడం మూల కూడా గీకు, అక్కడే ఎక్కువ కడతాది" అని కేకేసేను.